షాక్ తరువాతి భయం: డీఫిబ్రిలేటర్ అమర్చిన పలాస ప్రాంతపు మహిళ కేస్ స్టడీ

శ్రీకాకుళంలో జనరల్ మెడిసిన్ ప్రాక్టీసు చేస్తున్న నేను గుండెకు పరికరాలు అమర్చే వైద్యురాలిని కాను. ఆ అవసరం పడినవారిని విశాఖపట్నం పంపుతాను. అక్కడ కార్డియాలజిస్టు, గుండె లయ ప్రమాదకరంగా తప్పితే లోపలినుంచే షాక్ ఇచ్చి సరిచేసే పరికరమైన డీఫిబ్రిలేటర్‌ను అమర్చి, గాయం మానాక ఇంటికి పంపితే, ఆ మనిషి దానితో నిద్రపోవలసింది, వంట చేసుకోవలసింది, పనికి వెళ్ళవలసింది, భయపడవలసింది ఇక్కడే. ఆపరేషన్ తరువాతి బతుకులో వచ్చే కష్టాలు అందువల్లనే తరచుగా మాలాంటి వైద్యుల చెవిన ముందు పడతాయి. వాటిలో అన్నిటికన్నా పెద్దది, అన్నిటికన్నా తక్కువగా రికార్డుల్లోకి ఎక్కేది షాక్ భయం.

ఈ కేసును రోగి అనుమతితో రాస్తున్నాను. ఆమెను గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వ్యక్తిగత వివరాలు మార్చాను. పరికరం ఇచ్చే షాక్ వల్ల పుట్టే భయం రోగి పిరికితనం కాదు. అది ఆ పరికరంతోపాటు రాగల, గుర్తించి చికిత్స చేయదగిన స్థితి. ప్రతి షాక్‌కూ కారణమేమిటో రోగికి అర్థమయ్యే మాటల్లో చెప్పడం ఆ చికిత్సలో మొదటి మెట్టు అని నా నమ్మకం.

రోగి, జబ్బు

ఆమె వయసు 48. పలాసకు దగ్గరలోని పల్లె. జీడిపప్పు ఫ్యాక్టరీలో గ్రేడింగ్ పని చేస్తూ ఇద్దరు కూతుళ్ళను, ఒక కొడుకును పెంచింది. భర్తకు కొద్దిపాటి కొబ్బరి, జీడి తోట ఉంది. పెద్ద కూతురికి పెళ్ళయి ఒక బాబు ఉన్నాడు, చిన్న కూతురు డిగ్రీ చదువుతోంది, కొడుకు ఐటీఐ పూర్తి చేశాడు. అత్తగారు కూడా వారితోనే ఉంటారు.

చాలాకాలంగా మెట్లెక్కితే ఆయాసం, అప్పుడప్పుడు కళ్ళు తిరగడం ఉండేవి. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మా జిల్లాలోని ఉద్దానం ప్రాంతంలో ఎవరికి నీరసం వచ్చినా ముందుగా కిడ్నీల మీదికే అనుమానం పోతుంది, ఆ భయానికి తగిన కారణమూ ఉంది. ఆమె కూడా కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించుకుని, అది మామూలుగా ఉందని తేలగానే ఊరట పడి ఊరుకుంది. ఒక మధ్యాహ్నం ఫ్యాక్టరీలోనే స్పృహ తప్పింది. ఆస్పత్రిలో తీసిన ఈసీజీలో నిమిషానికి 210 వేగంతో వెంట్రిక్యులర్ టాకీకార్డియా, అంటే గుండె కింది గదుల్లో పుట్టే ప్రాణాంతకమైన వేగపు లయ, కనిపించింది, బయటి నుంచి షాక్ ఇచ్చి లయను సరిచేశారు. ఎకో అనే గుండె స్కానింగులో గుండె గదుల మధ్య గోడ మందం 31 మిల్లీమీటర్లు ఉంది. మామూలుగా అది 12 లోపు ఉండాలి. గుండె కండరం మందమయ్యే వంశపారంపర్య జబ్బు, హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి అని నిర్ధారణ అయింది. ఆమె తమ్ముడు ముప్ఫై ఏళ్ళ వయసులో పొలంలో కుప్పకూలి చనిపోయాడని, ఇంటివారు దాన్ని వడదెబ్బ అనుకున్నారని కుటుంబ చరిత్ర అడిగినప్పుడు బయటపడింది. ఇన్ని ఆధారాలు ఉన్నప్పుడు డీఫిబ్రిలేటర్ అమర్చాలన్న నిర్ణయంలో సందేహానికి తావు లేదు.

ఐసీడీ అని పిలిచే ఈ పరికరాన్ని 1980 ఫిబ్రవరిలో, అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ ఆస్పత్రిలో మొదటిసారి మనిషికి అమర్చారు. ఆ రోజుల్లో ఛాతీ తెరవవలసి వచ్చేది. ఇప్పుడు ఎడమ మెడఎముక కింద చర్మం లోపల అరచేతిలో ఇమిడే పెట్టెను ఉంచి, సిర గుండా ఒక తీగను గుండెలోని కుడి కింది గది (వెంట్రికల్) దాకా పంపుతారు. అది ప్రతి స్పందననూ లెక్కిస్తూ ఉంటుంది. వేగం తాను పెట్టుకున్న హద్దు దాటితే ముందుగా నొప్పి తెలియని వేగవంతమైన పేసింగ్‌తో, అంటే చిన్న చిన్న విద్యుత్ స్పందనలతో, లయను దారికి తేవడానికి చూస్తుంది, అది ఫలించకపోతే కొన్ని సెకన్లలో ఛార్జి అయి షాక్ ఇస్తుంది. స్పృహలో ఉన్న మనిషికి అది లోపలి నుంచి ఎవరో బలంగా గుద్దినట్టు ఉంటుంది.

రెండు సంఘటనలు

పరికరం అమర్చిన ఏడో నెలలో మొదటి షాక్ పడింది. పెరట్లో బట్టలు ఆరేస్తుండగా చూపు మసకబారి, గోడ పట్టుకుని కూలబడుతున్న క్షణంలో అది జరిగింది. కాసేపటికి తేరుకుంది. పరికరం రికార్డులో గుండె వేగం 214 అని, రెండు విడతల పేసింగ్ పనిచేయలేదని, 35 జౌళ్ళ షాక్‌తో లయ కుదుటపడిందని ఉంది. పరికరం ఏ పని కోసం ఉందో ఆ పని చేసింది. విశాఖలో ఆమెకు అదే మాట చెప్పారు, ఆమె కూడా అలాగే తీసుకుని అరసవల్లి వెళ్ళి సూర్యనారాయణస్వామికి దండం పెట్టుకుని, తిరిగి పనిలో చేరింది. ఈ దశలో ఆమెలో చెప్పుకోదగ్గ భయం లేదు.

ఆరు వారాల తరువాత, ఫ్యాక్టరీలో గ్రేడింగ్ బల్ల దగ్గర కూర్చుని ఉండగా గుండె దడ మొదలైంది. స్పృహ పూర్తిగా ఉంది. కొద్ది నిమిషాల వ్యవధిలో వరసగా నాలుగు షాకులు పడ్డాయి. పక్కన కూర్చున్న ఒకామె పట్టుకోబోతే ఆమె చేతికి చురుక్కుమంది, దాంతో ఎవరో “ముట్టుకోకండే, కరెంటు!” అని అరిచారు. అందరూ లేచి గోడ వైపు జరిగారు. బల్ల మీద ఏరిన పప్పు నేల మీద చెల్లాచెదురైంది, మధ్యలో ఆమె ఒక్కతే మిగిలింది. తరువాతి రోజుల్లో ఆమె నాకు మళ్ళీ మళ్ళీ చెప్పింది షాకుల నొప్పి గురించి కాదు, అందరూ గోడ దగ్గర నిలబడి తనను చూసిన ఆ చూపు గురించి.

ఈ రెండో సంఘటన రికార్డు పూర్తిగా వేరు. అది ప్రాణాంతకమైన లయ కాదు, ఏట్రియల్ ఫిబ్రిలేషన్. పై గదుల్లో పుట్టిన అస్తవ్యస్తపు లయ కింది గదులకు 190 నుంచి 205 వేగంతో చేరింది. పరికరం హద్దు 188 దగ్గర ఉంది. పై గదిలో తీగ లేని సింగిల్ ఛాంబర్ పరికరం కావడంతో రెండు లయలకూ తేడా పట్టడం దానికి మరింత కష్టం. నాలుగు షాకుల్లో ఒక్కటీ అవసరమైనది కాదు. షాక్ నొప్పికి ఒంట్లో అడ్రినలిన్ ఎగసి, గుండె వేగం ఇంకా పెరిగి, తరువాతి షాక్‌కు దారి ఇచ్చింది.

డిశ్చార్జి కాగితంలో ఇదంతా ఒక్క వాక్యంలో ఉంది. ఆమెకు మాత్రం ఎవరూ చెప్పలేదు. మొదటి షాక్ అప్పుడు “మిషన్ మీ ప్రాణం కాపాడింది” అన్న మాట ఆమె మనసులో నాటుకుపోయి ఉంది కనుక, రెండోసారి తాను వరసగా నాలుగుసార్లు చావు అంచుదాకా వెళ్ళి వచ్చానని ఆమె నమ్మింది. దాని తరువాత జరిగినదంతా ఆ నమ్మకం మీద నిలబడినదే.

నా దగ్గరకు వచ్చినప్పటి స్థితి

రెండు నెలల తరువాత భర్త ఆమెను భుజం నొప్పి, నిద్ర లేకపోవడం అని చెప్పి తీసుకొచ్చాడు. ఎడమ చేయి పక్కకు సగం కూడా లేవడం లేదు. తీగ జరగకుండా ఉండేందుకు ఆపరేషన్ తరువాత కొన్ని వారాల పాటు చేతిని భుజం కన్నా పైకి ఎత్తవద్దని చెబుతాం, గడువు ముగిసిందని చెప్పడం మాత్రం చాలాసార్లు ఎవరికీ గుర్తుండదు. ఆమె ఆ చేతిని చాలావరకు ఛాతీకి ఆనించుకునే ఉంచి, ఫ్యాక్టరీ సంఘటన తరువాత పూర్తిగా కదపడం మానేసింది. భుజం బిగుసుకుపోయింది.

భర్తను బయట కూర్చోమని, తలుపు వేసి అడిగితే మిగిలినది మెల్లగా బయటికి వచ్చింది. పనికి వెళ్ళడం లేదు. పెరట్లోకి వెళ్ళడం లేదు, ఎందుకంటే మొదటి షాక్ పడింది అక్కడే. మెట్లెక్కదు, గుండె కొట్టుకోవడం తెలిస్తే ఆగిపోతుంది. ఒక్కతే స్నానం చేయదు, తలుపు గడియ పెట్టదు. వంటగదిలో మిక్సీ వేయనివ్వదు. మొబైల్ మోగితే రెండు గదుల అవతల పెట్టిస్తుంది. ఎవరైనా గట్టిగా మాట్లాడితే, కోపం తెప్పిస్తే షాక్ కొడుతుందని ఇంట్లో అందరూ గుసగుసగా మాట్లాడుకుంటున్నారు. మనవడిని ఒళ్ళోకి ఇవ్వడం లేదు. ఇవ్వవద్దన్నది అత్తగారు, ఒప్పుకున్నది ఆమే. భర్త మంచం వరండాలోకి మారింది. ఎడమ వైపు చర్మం కింద ఉబ్బెత్తుగా కనిపించే పెట్టె ఎవరికంటా పడకుండా పైట ఎప్పుడూ మెడ దాకా కప్పుకుంటోంది, జాకెట్టు అంచు దాని మీద ఒరుసుకుని చర్మం ఎర్రబడి ఉంది.

రాత్రుళ్ళు నిద్ర పట్టే వేళకు షాక్ కొట్టినట్టయి ఉలిక్కిపడి లేస్తోంది. రెండుసార్లు విశాఖ దాకా వెళ్ళి పరికరాన్ని చదివించుకుంటే ఆ రాత్రుల్లో షాక్ ఏదీ నమోదు కాలేదు. “ఏం కాలేదు, మీ భ్రమ” అన్నారట. ఆ మాట ఆమెకు తాను అబద్ధం చెబుతున్నానని అన్నట్టు తగిలింది.

షాక్ భయాన్ని కొలవడానికి పది ప్రశ్నల ఒక ప్రశ్నావళి ఉంది, మొత్తం 10 నుంచి 50 దాకా లెక్క వస్తుంది. దాన్ని ఆమె మాటల్లోకి మార్చి అడిగితే 43 వచ్చింది. కాని అంకె కంటే ఆమె అన్న ఒక మాట పరిస్థితిని బాగా చెప్పింది: “డాక్టరమ్మా, సచ్చిపోతానని బయం నేదు. అది మల్లీ ఎప్పుడు కొడతాదోనని బతకనేకపోతన్నాను.” ఆత్మహత్య ఆలోచనలు ఉన్నాయేమోనని సూటిగా అడిగాను. లేవు. కాని దాన్ని తీయించేయమని విశాఖలో అడగాలని అనుకుంటోంది. ఇలాంటి కోరికను మొండితనంగా కొట్టిపారేయకూడదు. ఎంత బాధలో ఉంటే మనిషి తన ప్రాణరక్షణను వదులుకోవడానికి సిద్ధపడుతుందో అది చెబుతుంది.

కారణం చెప్పడం

ముందుగా విశాఖ కార్డియాలజిస్టుతో మాట్లాడి, పరికరంలో నమోదైన రెండు సంఘటనల గ్రాఫులూ తెప్పించాను. ఆయన అప్పటికే హద్దును 200కు పెంచి, లయను పట్టి నిర్ధారించుకునే సమయాన్ని కూడా పొడిగించారు. 2012లో వెలువడిన మ్యాడిట్-రిట్ అధ్యయనం, అంతకు ముందు ప్రాణాపాయపు లయ రాని రోగుల్లో, హద్దును 200కు పెంచినా, చికిత్సను ఆలస్యం చేసినా అనవసరపు షాకులు తగ్గాయని, మరణాలు కూడా తగ్గాయని చూపింది. ఈమెకు 210 వేగంతో ప్రమాదకరమైన లయ వచ్చిన చరిత్ర ఉంది కనుక 200 దాటి పెంచే వీలు లేదు. గుండె వేగాన్ని తగ్గించే మెటోప్రొలోల్‌ను రోజుకు 50 మిల్లీగ్రాముల నుంచి 100కు పెంచాం. ఈ జబ్బులో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ వస్తే గడ్డలు కట్టి పక్షవాతం వచ్చే ముప్పు ఎక్కువ కనుక, కిడ్నీల పనితీరు మరోసారి సరిచూసి రక్తం గడ్డకట్టకుండా చూసే ఎపిక్సబాన్ 5 మిల్లీగ్రాములు రెండు పూటలా మొదలైంది.

తరువాత గ్రాఫు కాగితాలు రెండింటినీ ఆమె ముందు బల్ల మీద పక్కపక్కన పరిచాను. మొదటి దానిలో గీతల మధ్య ఎడం ఒకే కొలతలో ఉంది, రెండో దానిలో ఒకచోట దగ్గరగా, ఒకచోట దూరంగా. ఆమె గోటితో ఒక్కో శిఖరాన్నీ తాకుతూ కాగితం చివరిదాకా వెళ్ళింది, మళ్ళీ మొదటికి వచ్చింది. “ఇది సమానంగా నేదు” అంది. అదే తేడా అని, మొదటిది ప్రాణం తీసే లయ అని, రెండోది మందులతో అదుపులో పెట్టగలిగేదని, దాని వల్ల అప్పటికప్పుడు చనిపోయే స్థితి లేదని, పరికరం దాన్ని మొదటి రకంగా పొరబడిందని చెప్పాను. జీడిపప్పులో 180, 210, 240, 320 అని పౌనుకు ఎన్ని గింజలు తూగుతాయో దాన్నిబట్టి రకాలు విడదీస్తారు, ఆమె రెండు దశాబ్దాలుగా చేస్తున్న పని అది. ఆమె కాసేపు ఆలోచించి, “అంటే, మూడొందల ఇరవై పప్పును రెండొందల పదిలో ఏరీసినాది అన్నమాట” అంది. నేను అంతకన్నా బాగా చెప్పలేను. “మరైతే నాను నాలుగుసార్లు సచ్చి బతకనేదా?” అని అడిగింది. లేదని చెప్పాను. చాలాసేపు ఏడ్చింది. ఆ ఏడుపును ఆపడానికి ప్రయత్నించలేదు.

రాత్రిపూట కొట్టినట్టు అనిపించే షాకుల గురించీ అదే రోజు మాట్లాడాం. షాక్ తిన్న వారిలో ఇది తెలిసిన విషయమే. నిద్రలోకి జారే వేళ మెదడు ఆ అనుభవాన్ని మళ్ళీ నడిపిస్తుంది, ఒళ్ళు నిజంగానే అదురుతుంది, పరికరం మాత్రం ఏమీ చేసి ఉండదు. ఆమె అనుభవం నిజం, దానికి కారణం పెట్టె కాదు. ఈ రెండు మాటలూ కలిపి చెప్పాలి. మొదటిది వదిలేసి రెండోదే చెబితే రోగి మనల్ని నమ్మడం మానేస్తుంది. పరికరం నుంచి సమాచారాన్ని మొబైల్ నెట్‌వర్క్ ద్వారా విశాఖకు పంపే మానిటర్ ఒకటి ఆమె మంచం పక్కన పెట్టించాం. దానివల్ల ఉలిక్కిపడి లేచిన రాత్రి తరువాత ఒక ఫోనుతో సంగతి తేలిపోతుంది, రైలెక్కి పోనక్కరలేదు. అది అత్యవసర సేవ కాదని, అటువైపు ఇరవై నాలుగు గంటలూ ఎవరూ చూస్తూ కూర్చోరని కూడా స్పష్టం చేశాను.

ఇంటివారితో

చికిత్స గదిలో రోగికి చెప్పినది ఇంటి గుమ్మం దాటేసరికి సగం ఆవిరైపోవడం నాకు అనుభవమే, ఎందుకంటే ఇంట్లో నిర్ణయాలు ఆమె ఒక్కతే తీసుకోదు. అందుకని భర్తను, అత్తగారిని, పిల్లలను అందరినీ రమ్మన్నాను. కబుర్లు కాదు, వారికి ఉన్న ప్రశ్నలే అడగమన్నాను.

మొదట భర్త అడిగాడు: తిత్లీ తుపాను అప్పుడు, 2018లో, వారి ఊరికి రోజుల తరబడి కరెంటు లేదు, అలాంటిది మళ్ళీ వస్తే లోపలి మిషన్ ఆగిపోతుందా? ఈ ప్రశ్న ఉద్దానం మనిషే అడగగలడు. అది ఇంటి కరెంటు మీద నడవదని, లోపలే లిథియం బ్యాటరీ ఉందని, అది కొన్నేళ్ళపాటు నడుస్తుందని, ఆఖరికి వచ్చే ముందే పరీక్షలో తెలుస్తుందని, అప్పుడు పెట్టెను మాత్రం మారుస్తారని చెప్పాను. పిడుగుల సంగతి కొడుకు అడిగాడు. ఆ పరికరం పిడుగును పిలవదు, అందరికీ ఉన్న జాగ్రత్తలే ఆమెకూ.

అత్తగారు మెల్లగా, కోడలి వైపు చూడకుండా, “పసిగుంటడిని ఎత్తుకుంటే వాడికి కరెంటు తగలదా, అమ్మా?” అన్నారు. ఆ ముసలావిడది దుర్మార్గం కాదు, భయమే. షాక్ పడే క్షణంలో ముట్టుకుని ఉన్నవారికి చిన్న చురుకు తగలవచ్చు, దానివల్ల పెద్దలకు గాని పిల్లలకు గాని హాని లేదు. అసలు భయపడవలసింది షాక్ పడేటప్పుడు ఆమె చేతిలోంచి బాబు జారిపోవడం గురించి, అందుకు కింద కూర్చుని ఒళ్ళో పెట్టుకుంటే చాలు. ఈ మాట అని, పెద్ద కూతురి చేతిలోని బాబును అక్కడే ఆమె ఒళ్ళో కూర్చోబెట్టించాను. వాడు నేరుగా పైట లాగి, ఉబ్బెత్తుగా ఉన్నచోట వేలు పెట్టి నొక్కాడు. ఎవరూ వారించలేదు.

మిక్సీ, టీవీ, ఫ్యాను, ఫ్రిజ్ మామూలుగానే వాడుకోవచ్చు. నడుస్తున్న మిక్సీని ఛాతీకి ఆనించుకోకపోతే చాలు. మొబైల్‌ను పరికరానికి 15 సెంటీమీటర్ల దూరంలో, కుడి చెవికి పెట్టుకుని మాట్లాడాలి, జాకెట్టులో దోపుకోకూడదు. ఇండక్షన్ స్టవ్ నుంచి రెండడుగుల దూరం పాటించాలి. విమానాశ్రయంలోనో గుడి దగ్గరో మెటల్ డిటెక్టర్ ద్వారం ఎదురైతే ఆగకుండా నడిచి వెళ్ళిపోవచ్చు, పరికరం ఉందని తెలిపే కార్డు చూపి పక్కనుంచి పంపమనీ అడగవచ్చు. అమ్మవారి సంబరంలో పెట్టే పెద్ద స్పీకర్ బాక్సుల్లో బలమైన అయస్కాంతాలు ఉంటాయి. శక్తిమంతమైన అయస్కాంతం దగ్గరగా ఉన్నంతసేపు పరికరం షాక్ ఇచ్చే పనిని నిలిపివేస్తుంది కనుక వాటిని ఆనుకుని నిలబడకూడదు. డప్పుల శబ్దం, తప్పెటగుళ్ళ హోరు దాన్ని ఏమీ చేయవు. ఆమె సంబరానికి వెళ్ళవచ్చు. ఆ మాట విన్నప్పుడు చిన్న కూతురి ముఖం వికసించింది.

ఇంట్లో మామూలు కోపాలకు, అరుపులకు షాక్ పడుతుందని భయపడనక్కరలేదని చెప్పడం నాకు మరీ ముఖ్యంగా తోచింది. ఇంట్లో వారందరూ గుసగుసల్లోకి దిగిపోయి, ఆమెను అడగకుండానే అన్నీ నిర్ణయించడం మొదలుపెట్టారు. ఆమె జబ్బు మనిషిగా కాక ఇంటి మనిషిగా తిరిగి నిలబడాలంటే ఆమెతో వాదించే హక్కు, ఆమెకు వాదించే హక్కు తిరిగి రావాలి.

షాక్ పడితే ఏం చేయాలో ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించమని ఇచ్చాను. ఒక్క షాక్ పడి, ఒకటి రెండు నిమిషాల్లో మామూలుగా అనిపిస్తే కూర్చోవాలి, టైము రాసుకోవాలి, ఆ రోజే ఫోను చేయాలి. ఒక రోజులో రెండు గాని అంతకన్నా ఎక్కువ గాని పడితే, లేదా ఒక్కటే పడినా ఛాతీ నొప్పి, ఆయాసం, మగత ఉంటే 108కి ఫోను చేయాలి. స్పృహ తప్పి ఊపిరి లేకపోతే, పరికరం ఉందని ఆగకుండా ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి. కొడుక్కీ చిన్న కూతురికీ అది ఎలాగో నేర్పాం.

దంపతులతో విడిగా మాట్లాడవలసిన సంగతి ఒకటి ఉంది. భర్త మంచం వరండాలోకి మారడానికి కారణం ఆయన విముఖత కాదు, తన వల్ల ఆమె గుండె వేగం పెరిగి షాక్ పడుతుందేమోనన్న భయం. ఆ మాట ఆయన ఆమెకు చెప్పలేదు, ఆమె మరోలా అర్థం చేసుకుంది. రెండంతస్తుల మెట్లు ఇబ్బంది లేకుండా ఎక్కగలిగితే దాంపత్య జీవితానికి సాధారణంగా అడ్డు ఉండదని, ఆమెకు మందులతో వేగం అదుపులో ఉందని, ఆ శ్రమలో గుండె వేగం పరికరం హద్దుకు చాలా కిందే ఉంటుందని ఇద్దరికీ సూటిగా చెప్పాను. ఈ ప్రశ్నను రోగులు తమంతట తాము అడగరు. వైద్యులు అడగాలి.

తిరిగి కదలడం

తెలియడం వల్ల భయం కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. ఒళ్ళు నమ్మాలి. అందుకని ఆమెకు మణికట్టు దగ్గర నాడి పట్టుకోవడం నేర్పాను. మా క్లినిక్ వరండాలో కొద్ది దూరం నడిపించి, కూర్చోబెట్టి, ఎదుటి గోడ గడియారం చూస్తూ లెక్కపెట్టమన్నాను. రెండు వేళ్ళు ఆనించి, పెదవులు కదుపుతూ, పప్పు గింజలు లెక్కించే అలవాటున్న మనిషి కనుక ఎక్కడా తప్పకుండా లెక్కించింది: 92. మెట్లెక్కించాక 112. హద్దు 200. ఆ రెండు అంకెల మధ్య ఉన్న దూరాన్ని ఆమె తన వేళ్ళతో కనుక్కోవడం నేను పదిసార్లు చెప్పినదానికన్నా ఎక్కువ పనిచేసింది. నాడి సమంగా లేకుండా, గబగబా కొట్టుకుంటే ఫోను చేయమని చెప్పాను. ఇలా నేర్పితే కొందరు రోజంతా నాడి పట్టుకుని కూర్చుంటారన్నది నిజమే, అందుకే నడక తరువాత మాత్రమే చూడమన్నాను.

మొదట పెరట్లోకి కూతురితో, తరువాత ఒంటరిగా, తరువాత వీధి చివరిదాకా. మానుకున్నవాటిని తక్కువ భయపెట్టేదాని నుంచి ఎక్కువ భయపెట్టేదాకా వరసగా రాసుకుని, ఒక్కోటి భయం సగానికి దిగేదాకా మళ్ళీ మళ్ళీ చేయడం ఇందులో పద్ధతి. భుజానికి ఫిజియోథెరపీ జరిగింది. కరెంటు పెట్టే చికిత్సలు మాత్రం వద్దని ఫిజియోథెరపిస్టుకు రాసి పంపాను, అవి పరికరానికి తప్పుడు సంకేతాలు ఇవ్వగలవు. మనోవైద్యుని సలహాతో ఆందోళన తగ్గించే మందు సెర్ట్రాలిన్ 25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి 50కు పెంచాం. ఎపిక్సబాన్‌తో కలిస్తే రక్తస్రావం అవకాశం కొంత పెరుగుతుంది కనుక ఆ జాగ్రత్తలు చెప్పాం. జాకెట్లను ఎడమ భుజం వైపు కాస్త వెడల్పుగా, లోపల మెత్తటి గుడ్డ వేసి కుట్టించుకోమని చెప్పింది మా నర్సు, నాకు తోచని విషయం అది.

బొబ్బిలి వైపు నుంచి నా దగ్గరికి వచ్చే ఒక రిటైర్డు మాస్టారికి చాలా ఏళ్ళుగా ఇదే పరికరం ఉంది. ఇద్దరి ఇష్టంతో ఫోనులో మాట్లాడించాను. ఆయన ఏం చెప్పారో నేను అడగలేదు. ఆ తరువాత ఆమె “మాస్టారికి కూడా రేత్రుల్లు అలగే కొట్టినట్టుండీదట” అని చెప్పింది.

ఫ్యాక్టరీకి తిరిగి వెళ్ళడం అన్నిటికన్నా కష్టమైంది. యజమానికి, సూపర్‌వైజరుకు ఒక ఉత్తరం రాసి, గ్రేడింగ్ పనికి అడ్డంకి లేదని, తోటివారు ఆమెను ముట్టుకుంటే ప్రమాదం లేదని, షాక్ పడితే పట్టుకుని పడుకోబెట్టవచ్చని తెలియజేశాను. మొదట్లో సగం పూట, ఆమె కోరిన మరో బల్ల దగ్గర. ఆ రోజు పట్టుకోబోయి చురుకు తగిలిన ఆమే వచ్చి ఈమె పక్కన కూర్చుందట.

పిల్లలు

ఈ జబ్బు తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి సంతానానికీ వచ్చే అవకాశం సగానికి సగం. ముగ్గురికీ ఈసీజీ, ఎకో చేయాలన్నప్పుడు ఆమెకు మళ్ళీ నిద్ర పట్టలేదు. ఈసారి షాక్ భయం కాదు, చిన్న కూతురి పెళ్ళి. ఊళ్ళో ఎవరికైనా తెలిస్తే సంబంధాలు రావన్న ఆందోళన కల్పితం కాదు, దాన్ని తేలిక చేసి మాట్లాడలేదు. పరీక్షలు శ్రీకాకుళంలోనే చేయించాం, ఫలితాలు ఎవరివి వారి చేతికే ఇచ్చాను. కూతుళ్ళిద్దరి గుండె గోడలు మామూలుగా ఉన్నాయి, అయినా కొన్నేళ్ళకొకసారి మళ్ళీ చూపించుకోవాలి. కొడుకుకు 16 మిల్లీమీటర్లు ఉంది. లక్షణాలు లేవు, ప్రస్తుతానికి పరికరం అవసరం కూడా లేదు. తన కడుపున పుట్టినందుకే ఇది వచ్చిందని ఆమె బాధపడితే, “మామయ్యకి తెలీక పోయాడు, నాకు తెలిసింది కదమ్మా” అని కొడుకు అన్నాడని ఆమే చెప్పింది.

అత్తగారు ఒకసారి నన్ను పక్కకు పిలిచి అడిగిన మాటను ఇక్కడే రాయాలి, ఎందుకంటే దీన్ని తరచుగా ఎవరూ ముందుగా చెప్పరు. ఈ పరికరం ఉన్నవారు ఏ కారణంతోనైనా మరణిస్తే, దహనానికి ముందు దాన్ని తీయించాలి. మంటలో బ్యాటరీ పేలుతుంది. అలాగే కోలుకోలేని ఆఖరి జబ్బుతో మంచాన ఉన్నవారికి షాక్ ఇచ్చే పనిని నొప్పి లేకుండా, ప్రోగ్రామర్ అనే బయటి యంత్రంతో ఆపివేయవచ్చు, అది వారి హక్కు. దాన్ని తీయించేయాలని ఒకప్పుడు అనుకున్న ఈమెకు కూడా ఈ రెండో సంగతి తరువాతి రోజుల్లో చెప్పాను. నిర్ణయం తన చేతిలో ఉందని తెలిశాక, తీయించే మాట ఆమె మళ్ళీ ఎత్తలేదు.

ఇప్పటి స్థితి

ఏడాది దగ్గర అదే ప్రశ్నావళిలో 21 వచ్చింది. పూర్తి రోజు పని చేస్తోంది. చేయి తల దాకా లేస్తోంది. భర్త మంచం లోపలికి వచ్చింది. స్నానానికి తలుపు వేస్తుంది గాని గడియ మాత్రం ఇప్పటికీ పెట్టదు, నాలుగు షాకులు తిన్న పాత బల్ల దగ్గర ఇప్పటికీ కూర్చోదు. ఈ రెండింటినీ మార్చాలని నేను పట్టుబట్టడం లేదు.

కిందటి పరీక్షలో పరికరం రికార్డులో కొత్త సంఘటన ఒకటి కనిపించింది: 208 వేగంతో వెంట్రిక్యులర్ టాకీకార్డియా, ఒక్క విడత పేసింగ్‌తో ఆగిపోయింది, షాక్ పడలేదు, ఆమెకు తెలియనే లేదు. చెబితే భయం తిరగబెడుతుందేమోనని ఆమె భర్త సందేహించాడు. చెప్పకపోతే రికార్డు విషయంలో ఆమెతో కుదిరిన నమ్మకం చెడుతుంది కనుక, గ్రాఫు ముందు పెట్టి చెప్పాను. తేదీ, టైము అడిగి, వేళ్ళ మీద లెక్కపెట్టి, “ఆ యేల బోయినం చేస్తన్నాం” అంది. షాక్ లేకుండానే సరిచేయగలదా అని మరోసారి అడిగి నిర్ధారించుకుంది. మెటోప్రొలోల్ మోతాదు అలాగే కొనసాగించి, కార్డియాలజిస్టుకు ఆ రికార్డు పంపాం. ఆరు నెలల తరువాతి పరీక్షకు కొడుకును కూడా వెంట తీసుకురమ్మన్నాను. అతని ఎకో మరోసారి చూసి, గుండె లయను రోజంతా నమోదు చేసే హోల్టర్ రికార్డింగ్ చేయించాలి.